నూట డెబ్భై ఒక్క రూపాయి

కంచరపాలెం మెట్టు దగ్గర మా కొట్టు.
ఖనిజం మోసుకుని గూడ్సు హార్బరుకి పోతుంటే
అద్దంలో నా మొహం వణుకుతుంది,
చేతిలో గుడ్డ వణకదు.
ఆ చేత్తోనే సంతకాలు పెట్టాను
పద్నాలుగు చోట్ల,
ఒక్క ముక్కా చదవకుండా.

ఎంబ్రాయిడరీ మిషను కోసం.
వర్కు జాకెట్లకి జనం ఎగబడుతున్నారు కదా అని.
"మీకు ముందే మంజూరైపోయిందండి"
ఫోనులో పిల్ల గొంతు బెల్లప్పాకం.
అడగందే అమ్మయినా పెట్టదంటారు.
అడక్కుండా పెట్టినప్పుడే
నాకు అనుమానం రావాల్సింది.

రాసింది లక్షా ఇరవై వేలు,
చేతికొచ్చింది లక్షా పదకొండు.
ముప్పై నెలలు,
నెలకి ఆరువేల నూట ఇరవై రెండు.
పాల గంగరత్నం నూటికి మూడు తీసుకుంటే
రక్తం తాగుతోందని వీధిలో తిట్టినదాన్ని నేనే.
ఇదీ మూడే.
ఏసీ గదిలో మూడు.

పదకొండు కిస్తీలయ్యాక అడిగాను,
అసలు ఎంత తగ్గిందని.
అరవై ఏడు వేలు కడితే
ఇంకా ఎనభై ఏడు వేల చిల్లర ఉందన్నారు.
అసలు తగ్గిందా అని మళ్ళీ అడిగాను.
మాట అదే.
అర్థం మారిపోయింది.

ఐదో తారీకు దాటితే తవిటినాయుడు వచ్చేవాడు.
గుమ్మంలో కూర్చుని
లోపలివాళ్ళకి వినపడేలా దగ్గేవాడు.
కొలతలకొచ్చిన ఆడవాళ్ళు
కొంగు సర్దుకుని, మళ్ళీ వస్తాంలే అనేవారు.
వాడి చొక్కా చంక కింద చిట్లి ఉండేది.
తిడదామని నోరు తెరిచి
ప్రతిసారీ ఆ చిరుగే చూసేదాన్ని.
పాడు వృత్తి, కళ్ళు అక్కడికే పోతాయి.

తప్పు కుట్టు విప్పడం గౌసియా ఆంటీ నేర్పింది.
లాగకే పిల్లా, గుడ్డ పోతాది.
నాలుగు కుట్లకొకటి బ్లేడుతో తెంపు,
దారం దానంతటదే వస్తాది.
కరెంటు పోయిన ఒక రాత్రి
నల్లటి లైనింగు గుడ్డ మీద
మార్కింగు సుద్దతో లెక్క వేశాను.

ముందు మిషను.
ఏది కొనడానికి అప్పో దాన్నే అమ్మేశాను,
అనకాపల్లి ఆయనకి, యాభై రెండు వేలకి.
ఆటోలో ఎక్కిస్తుంటే
సూదిలో ఎర్రదారం ఇంకా ఉంది.
ఎవరి పెళ్ళి నెమలో
మెడ దాకా వచ్చి ఆగిపోయింది.

తర్వాత సంఘం. నలభై వేలు, రూపాయి వడ్డీకి.
పదిమందీ ఒప్పుకోవాలి.
పైడమ్మ చాలాసేపు పెన్ను ముట్టుకోలేదు.
పోయినేడు తన కూతురి ఫీజుకి
అడ్డం పడ్డది నేనే.
అది తనకీ గుర్తుంది, నాకూ.
సంతకం వచ్చి కూడా వేలిముద్ర వేసింది.
"పేరివ్వనే, ఏలిస్తాను" అంది.

ద్వారకానగర్, మూడో అంతస్తు.
ముందే తీర్చేస్తున్నందుకు జరిమానా అట,
నాలుగు వేల నూట ముప్పై తొమ్మిది.
"ఆలీసమైతే ఫైను, తొందరైతే ఫైను,
మరెప్పుడు రావాలి బాబూ మీ కాడికి?"
కుర్రాడు నవ్వలేదు.
ప్రింటరు గుర్రుమంది.

తొంభై రెండు వేలల్లో మిగిలింది
నూట డెబ్భై ఒక్క రూపాయి.
బీచిలో మురీ మిక్చర్ తిన్నాను,
ఒక్కదాన్నే,
ఉల్లిపాయ ఎక్కువ వేయించుకుని.
బాకీ లేదన్న కాగితం
జాకెట్లో చెమటకి మెత్తబడింది.
సముద్రం కాళ్ళ దాకా వచ్చి
ఏదో అడిగి వెనక్కి పోతోంది.
దానికేమీ ఇవ్వలేదు.

మళ్ళీ నెల ఆరో తారీకున తవిటినాయుడొచ్చాడు.
గుండె ఒక కుట్టు జారింది.
"ఇంకేటి?" అన్నాను.
చొక్కా విప్పి బల్ల మీద పెట్టి
బనీనుతో కూర్చున్నాడు.
"నాకూ ఒకటుందక్కా. యాప్‌లో."
నేలకేసి చూస్తున్నాడు.
నేనేమీ అనలేదు.
పాత మిషను మీద ఒక వరస,
దాని మీద ఇంకో వరస.

ఎంతన్నాడు. ముప్పై అన్నాను.
ఇరవయ్యే ఉన్నాయన్నాడు.
గోడ మీద సుద్దతో రాసుకున్నాను:
తవిటి, పది.